గంగారాం అర్జీని వెతికిన దారి

ముప్పై మూడేళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి కిందటేడు రిటైరయ్యాను. మొదట బోధన్‌లో ఒక డిగ్రీ కాలేజీ, తర్వాత నిజామాబాద్ దగ్గర ఒక విశ్వవిద్యాలయం. ఈ మధ్య లైబ్రరీ సైన్స్ చదువుతున్న పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, ఉద్యోగంలో చేరబోయే ముందు ఏం తెలుసుకోవాలో చెప్పమన్నారు. పుస్తకాలకు నంబర్లు వేయడం, కంప్యూటర్లో ఎక్కించడం వాళ్లకు క్లాసులో నేర్పుతారు. నేను చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. ఒక మనిషి ప్రశ్న పట్టుకొని మన టేబుల్ ముందుకొస్తే, దాని జవాబు ఏ కాగితంలో ఉందో వెతికిపెట్టడం.

మా జిల్లాలో ఆ ప్రశ్నలు ఎక్కువగా గల్ఫ్ చుట్టూ తిరిగేవి. ఏ వాడకు పోయినా దుబాయికో మస్కట్‌కో పోయి వచ్చిన మనిషి కనిపిస్తాడు. అందుకే గల్ఫ్ దేశాలతో మన దేశ సంబంధాల మీద పరిశోధన చేస్తామని ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా వచ్చేవారు. వాళ్లకు సహాయం చేస్తూ నేను నేర్చుకున్నవి, తప్పులతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

హమీద్ సాబ్

నేను బోధన్‌లో చేరినప్పుడు చక్కెర ఫ్యాక్టరీ ఇంకా నడుస్తుండేది. సీజన్‌లో చెరుకు బండ్లు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటే వాటి సందుల్లోంచి దూరి కాలేజీకి వెళ్లేదాన్ని. షిఫ్టు దిగిన కార్మికులు కొందరు మా లైబ్రరీలో పేపరు చదవడానికి వచ్చేవారు. బయటివాళ్లకు ప్రవేశం లేదని ప్రిన్సిపాల్ గోడకు నోటీసు అంటించాడు. మా లైబ్రేరియన్ హమీద్ సాబ్ దాని మీద క్యాలెండర్ తగిలించాడు.

ఆయన నా మొదటి పై అధికారి. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు చదివేవాడు. చిన్నప్పుడు నేర్చిన అరబ్బీని వదలకుండా పెంచుకున్నాడు. మాట్లాడేది మాత్రం అచ్చంగా బోధన్ తెలుగు.

నేను చేరిన నెలకు ఒకాయన వచ్చి డ్రైవింగ్ పుస్తకం ఉందా అని అడిగాడు. నేను కార్డులు తిరగేసి లేదన్నాను. ఆయన వెళ్లిపోతుంటే హమీద్ సాబ్ పిలిచి కూర్చోబెట్టి, పుస్తకం ఎందుకని అడిగాడు. డ్రైవర్ పని మీద గల్ఫ్ పోతున్నానని, అక్కడి రోడ్డు గుర్తులు ముందే నేర్చుకుందామని వచ్చానని ఆయన చెప్పాడు. ఏజెంటు ఇచ్చిన కాగితం అంగీ జేబులోనే ఉంది. అంతా అరబ్బీ. హమీద్ సాబ్ దాన్ని రెండుసార్లు చదివాడు. అందులో డ్రైవర్ అన్న మాటే లేదు. ఎడారిలో గొర్రెల కాపరి అని ఉంది.

హమీద్ సాబ్ ఆ కాగితాన్ని వాక్యం వాక్యంగా తెలుగులో చెబుతుంటే నేను రాశాను. అది పట్టుకొని ఆ మనిషి ఏజెంటు దగ్గరికి పోయాడు. గల్ఫ్ పోలేదు. చెరుకు ట్రాక్టర్ నడిపాడు. తర్వాత ప్రతి సీజన్‌లో మా కాలేజీ గేటు ముందు బండి ఆపి, లోపలికొచ్చి హమీద్ సాబ్‌కు సలాం చేసి పోయేవాడు.

ఆ రోజు సాయంత్రం హమీద్ సాబ్ నన్ను తిట్టలేదు. "పుస్తకం అడిగితే పుస్తకం ఉన్నదో లేదో చెప్పుడు సగం పనే, బేటీ. ఏం తెల్సుకుందామని వచ్చిండో అడగాలె," అన్నాడు.

ఆయన దగ్గర ఒక మందపాటి నోటుబుక్కు ఉండేది. ఎవరు ఏం అడిగారు, జవాబు ఎక్కడ దొరికింది, ఎక్కడెక్కడ వెతికితే దొరకలేదు, అన్నీ రాసేవాడు. దొరకనిది రాయడం దేనికని ఒకసారి అడిగాను. రేపు ఇంకొకరు అదే చోట పొద్దంతా పోగొట్టుకోకుండా అన్నాడు. నేను చూసిన పండితుల్లో ఆయనంత పద్ధతిగా పనిచేసినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారేమో. ఆయనకు డాక్టరేటు లేదు.

రెండు పుస్తకాలు, ఒకే తప్పు

ఇక నా తప్పు. విశ్వవిద్యాలయానికి మారిన కొత్తలో ఒక పరిశోధక విద్యార్థి, కార్మికుల విషయంలో మన దేశం ఒక గల్ఫ్ దేశంతో చేసుకున్న ఒప్పందంలో ఏముందని అడిగాడు. నేను రెండు పుస్తకాలు తీసిచ్చాను. ప్రమాదం జరిగితే పరిహారం ఎవరివ్వాలో ఒప్పందంలో స్పష్టంగా ఉందని రెండింటిలోనూ ఉంది. రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ధైర్యంగా రాసుకొమ్మన్నాను. దాని మీద అతను ఒక అధ్యాయమే కట్టాడు.

వైవాలో పరీక్షకుడు ఒప్పందం అసలు ప్రతి సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ నిబంధన అందులో లేదు. సంతకాలకు ముందు ఏదో పత్రికలో వచ్చిన అంచనా వార్తను మొదటి పుస్తకం నమ్మింది. మొదటి పుస్తకాన్ని రెండోది నమ్మింది. రెండింటినీ నేను నమ్మాను.

అతను అధ్యాయం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఆర్నెల్లు వెనకబడ్డాడు. తప్పు నాదని నేనే పోయి గైడుకు చెప్పాను. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని చాలా రోజులు అనిపించింది.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఒప్పందం గురించి అడిగితే ముందు ఒప్పందమే ఇవ్వాలి. విదేశాంగ శాఖ వాటిని ఆన్‌లైన్‌లో పెడుతుంది. దాని తర్వాత ఆ శాఖ వార్షిక నివేదికలు, పార్లమెంటులో సభ్యులు వేసిన ప్రశ్నలు, మంత్రులిచ్చిన జవాబులు, ఆనాటి పత్రికలు. పుస్తకాలు చివర. పుస్తకం గొప్పదే కావచ్చు, కానీ దాని అడుగున ఇచ్చిన ఆధారాన్ని తెరిచి చూడకుండా ఎవరికీ సిఫారసు చేయవద్దు.

స్వప్న అడిగింది

స్వప్నది ఇందల్వాయి. తల్లి బీడీలు చుట్టి చదివించింది. పీహెచ్‌డీలో చేరాక కూడా సెలవుల్లో ఇంటికి పోతే స్వప్న చాట ముందు కూర్చొని చుట్టేది. పుస్తకాన్ని మోకాలికి ఆనించి పెట్టుకొని బీడీ చుడుతూ చదవడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. అంత ఏకాగ్రత ఉన్న విద్యార్థిని నా ఉద్యోగంలో ఇంకొకరిని చూడలేదు.

ఆమె వచ్చి గల్ఫ్‌తో మన సంబంధాల మీద పుస్తకాలు చూపించమంది. ఉన్నవాటిలో సగం చమురు గురించినవి. ఏం తెలుసుకుందామని వచ్చావని అడిగాను. కొంచెం ఆలోచించి చెప్పింది.

"రెండు దేశాలు కూసొని కాయితం రాసుకుంటయి గద మేడం. గక్కడ రాసుకున్నది మనూరి మనిషి చేతుల ఉన్న కాయితం దాకా వచ్చిందా, లేదా? మనూరి మనిషి చెప్పింది గక్కడి దాకా పోయిందా? గిది తెల్వాలె నాకు."

ముప్పై ఏళ్లలో ఇంత మంచి ప్రశ్న నా టేబుల్ ముందుకు రాలేదు. మొదటి సగానికి దారి తెలుసు. రెండో సగానికి నాకూ తెలియదు. ఆమె గైడు నిక్కచ్చి మనిషి. కార్మికులు నోటితో చెప్పిన కథలు పది తెచ్చినా సరిపోదని, వాళ్ల మాట ప్రభుత్వం దాకా చేరిందని చూపే కాగితం ఒక్కటైనా లేకపోతే ఆ అధ్యాయం తీసేయాలని చెప్పాడు. చాలామంది ఆయన్ను కఠినుడన్నారు. ఆయన అడిగింది న్యాయమేనని నా అభిప్రాయం. ఆర్నెల్లు గడువిచ్చాడు.

నాలుగు నెలలు వెతికాం. ఏ దేశానికి ఆ దేశం పేరుతో వెతికాం. పశ్చిమాసియా అని ఒకసారి, ఖాడీ దేశాలని హిందీలో ఒకసారి, వలస కార్మికులని ఒకసారి. ఒక్కో కాలంలో ప్రభుత్వం ఒక్కో మాట వాడుతుంది కాబట్టి పాత పదాల పట్టిక ఒకటి తయారు చేసుకున్నాం. ఒప్పందాలు దొరికాయి, మంత్రుల జవాబులు దొరికాయి. ఫిర్యాదులు వస్తున్నాయని, ఆ దేశాల దృష్టికి తీసుకెళ్తున్నామని వాటిలో ఉంది. ఎవరి ఫిర్యాదో, ఏ ఊరిదో లేదు. స్వప్న ఏ రోజుకారోజు దొరకనివన్నీ రాసి సంతకం పెట్టి నాకిచ్చేది.

రాజవ్వ పెట్టె

అటునుంచి కుదరకపోతే ఇటునుంచి పోదామని స్వప్నే అన్నది. ఊళ్లలో గల్ఫ్ పోయి వచ్చినవాళ్ల ఇళ్లు తిరిగింది. చాలా చోట్ల పాత పాస్‌పోర్టులు, అరబ్ సాహెబు పక్కన నిలబడి దిగిన ఫోటోలు కనిపించాయి. ఒకరోజు బాల్కొండ దగ్గరి ఊరినుంచి ఫోన్ చేసి, మీరు రావాలి మేడం అన్నది.

అక్కడ రాజవ్వ అని ఒక పెద్దావిడ. ఆమె భర్త గంగారాం ఎనభయ్యో దశకంలో తాపీ పనికని మరో పదకొండు మందితో కలిసి గల్ఫ్ పోయాడు. నాలుగు నెలలకే పన్నెండు మందీ తిరిగొచ్చారు. గంగారాం అక్కడ ఏదో అర్జీ పెట్టాడని, దానికి కోపమొచ్చి కంపెనీ అందరినీ తరిమేసిందని ఊరంతా అనుకుంది. మిగతా పదకొండు మందీ అదే అనుకున్నారు. అందులో ఒకడు గంగారాం చిన్నాయన కొడుకు పోశెట్టి. పక్క వీధిలోనే ఉంటాడు. వచ్చిన నాటినుంచి ఈ ఇంటికి రాలేదు, గంగారాం చనిపోయిన రోజున కూడా వాకిట్లోనే నిలబడి వెళ్లిపోయాడట.

గంగారాం కాగితాలు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. రాజవ్వ ఆ పెట్టె మీద చేయి తీయలేదు. ఇదివరకు ఎవరో వచ్చి రాస్తామని ఆయన ఫోటో తీసుకుపోయి మళ్లీ ఇవ్వలేదట.

"నా దగ్గర ఉన్నయి గివే. మీరు గూడ పట్కపోతరా?" అని అడిగింది.

ఏదీ పట్టుకుపోం అని చెప్పాను. ఆమె మంచం మీదే, ఆమె కళ్ల ముందే, ఒక్కో కాగితాన్ని పరిచి ఫోన్‌తో తీసి, తీసినదాన్ని ఆమె చేత్తోనే మళ్లీ పెట్టెలో పెట్టించాం. దాదాపు ఒక పూట పట్టింది. కొత్తగా చేరేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను. ఇంటి కాగితాన్ని ఇంట్లోంచి కదిలించవద్దు. భద్రంగా ఉంచుతామని మనం అనుకుంటాం. ఇచ్చినవాళ్లకు ఆ మాట మీద ఎందుకు నమ్మకం కలగాలి?

పెట్టెలో రెండు కరారు కాగితాలు, అంటే పని ఒప్పందాలు ఉన్నాయి. బొంబాయిలో సంతకం చేసినది ఇంగ్లీషులో ఉంది. పట్నంలో తాపీ పని అని రాసి ఉంది. అక్కడ దిగాక సంతకం పెట్టించుకున్నది అరబ్బీలో. వాటి కింద ఒక కార్బన్ కాపీ. క్యాంపులోని మలయాళీ గుమాస్తా చేత ఇంగ్లీషులో రాయించి భారత రాయబార కార్యాలయానికి పంపిన అర్జీ అది. తాపీ పని అని తెచ్చి ఎడారిలో రాళ్ల క్వారీలో పెట్టారని, పాస్‌పోర్టులు తీసుకున్నారని, ఎండకు ఇద్దరు పడిపోయారని ఉంది. కింద పన్నెండు గుర్తులు. పది వేలిముద్రలు, రెండు సంతకాలు. మొదటి సంతకం తెలుగులో, గంగారాం. అర్జీ అందినట్టు కార్యాలయం పంపిన చిన్న చీటీ కూడా ఉంది. ఆ తర్వాత ఏమైందో చెప్పే కాగితం లేదు.

"గా అర్జీ ఎవ్వలు సదివిండ్రో, సదవలేదో. పాయె పానం దాకా గదే యాది చేసిండు," అన్నది రాజవ్వ.

ఒక్క అక్షరం

ఇప్పుడు మా చేతిలో అర్జీ పెట్టిన నెల ఉంది, కంపెనీ పేరు ఉంది. (ఆ పేరు ఇక్కడ రాయను.) పార్లమెంటు జవాబుల పాత పేజీలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఇంగ్లీషు కరారులో ఉన్నట్టే కంపెనీ పేరు కొట్టి మూడు వారాలు వెతికాం. ఒక్కటీ రాలేదు. స్వప్న రాసే దొరకనివాటి పట్టిక రెండు పేజీలు పెరిగింది. గడువు దగ్గరపడింది. అధ్యాయం తీసేస్తానని ఆమె గైడుకు చెప్పడానికి సిద్ధపడింది.

ఆగమని చెప్పి, అరబ్బీ కాగితాన్ని చదివించడానికి మరునాడు పొద్దున ఆమెను వెంటబెట్టుకొని బోధన్ పోయాను. హమీద్ సాబ్‌కు అప్పటికి ఎనభై దాటాయి. చూపు సగం పోయింది. అరబ్బీ కాగితాన్ని గోడ క్యాలెండర్ అంత పెద్దగా ప్రింటు తీయించి తీసుకెళ్లాం. కిటికీ దగ్గర పట్టుకొని వేలితో వెంబడిస్తూ చదివాడు. రాళ్ల క్వారీ అని స్పష్టంగా ఉందన్నాడు. తర్వాత పైన అచ్చువేసిన కంపెనీ పేరు దగ్గర ఆగాడు. మీరు ఏ స్పెల్లింగుతో వెతికారని అడిగాడు. స్వప్న చెప్పింది.

"గీ అచ్చరం గాఫ్ కాదు బిడ్డా, ఖాఫ్. మన దిక్కు దీన్ని ఖ అంటం. గక్కడోళ్లు నోటితోని గ అంటరు. బొంబాయి ఏజెంటు చెవుల పడ్డట్టు జీ రాసిండు. సర్కారోళ్లు రాస్తే క్యూ రాస్తరు. క్యూ పెట్టి సూడుండ్రి."

స్వప్న అక్కడే, ఆయన ఇంటి గడప మీద కూర్చొని ఫోన్లో క్యూ పెట్టి వెతికింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె ఫోన్ నా చేతికిచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఒక సభ్యుడి ప్రశ్నకు మంత్రి ఇచ్చిన రాతపూర్వక జవాబు అది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పన్నెండు మంది కార్మికులు ఆ కంపెనీ మీద ఫిర్యాదు పంపారని, రాయబార కార్యాలయం దాన్ని అక్కడి కార్మిక శాఖ ముందు పెట్టిందని, వాళ్లు క్వారీకి వెళ్లి చూసి ఫిర్యాదు నిజమని తేల్చారని, కంపెనీ ఖర్చుతోనే ఆ పన్నెండు మందిని ఇంటికి చేర్చారని ఉంది. ఆ కంపెనీకి ఇకపై ఇక్కడినుంచి మనుషులను పంపకుండా ఆపారని కూడా ఉంది. కరారు రెండు భాషల్లోనూ ఒకేలా ఉండాలన్న సంగతి ఆ దేశంతో చర్చల్లో పెట్టినట్టు చివరి వాక్యం.

నేను చదివి వినిపిస్తే హమీద్ సాబ్ కళ్లు మూసుకొని విన్నాడు. అయిపోయాక ఆయన మొదట అడిగింది పేజీ నంబరు. రాసుకున్నారా అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాతే నవ్వాడు.

స్వప్న అధ్యాయం నిలిచింది. ఆ దేశంతో తర్వాత కుదిరిన ఒప్పందంలో కరారు భాష గురించిన నిబంధన ఉంది. అది గంగారాం అర్జీ వల్లే వచ్చిందని రాయాలని ఆమెకు చాలా ఉండేది. నేను వద్దన్నాను. ఇలాంటి అర్జీలు ఇంకెన్ని పోయాయో మనకు తెలియదు. అర్జీ చర్చల గది దాకా పోయింది, అంతవరకు కాగితం ఉంది, అంతవరకే రాయమన్నాను. కొంచెంసేపు వాదించి ఒప్పుకుంది. వైవాలో పరీక్షకులు అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్నది ఆ సంయమనాన్నే. గైడు ఆ రోజు లైబ్రరీకి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఆర్నెల్లని గడువు పెట్టి తాను తొందరపెట్టానేమో అన్నాడు. లేదు సార్, గడువు లేకపోతే మేము బోధన్ పోయేవాళ్లం కాదన్నాను.

థీసిస్ చివర ఆధారాల పట్టికలో విదేశాంగ శాఖ నివేదికలు, పార్లమెంటు జవాబులతో పాటు మూలపత్రాల కిందే ఇంకో వరుస ఉంది: గంగారాం పత్రాలు, ఆయన భార్య రాజవ్వ దగ్గర.

చదివి వినిపించిన రోజు

జవాబు దొరికిన వారానికే మేమిద్దరం రాజవ్వ దగ్గరికి పోయాం. వైవా అయ్యేదాకా ఆగుదామా అని స్వప్న అడిగితే, ఈ కాగితం ముందు ఆమెదని చెప్పాను.

రాజవ్వ బీడీల చాట పక్కన పెట్టి కూర్చుంది. స్వప్న ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగులో చెప్పింది. ఫిర్యాదు నిజమని తేలిందన్న చోట రాజవ్వ చేయెత్తి ఆపింది. ఆ ముక్క మళ్లీ చదవమంది. స్వప్న మూడుసార్లు చదివింది.

"అయితే తరుమలేదు," అన్నది రాజవ్వ. "తోల్కచ్చిండ్రు."

అవును, తీసుకొచ్చారన్నాం. ఆమె ఏడవలేదు. లేచి చేతులు కడుక్కొని, చీరె సవరించుకొని, కాగితం తీసుకొని రమ్మంది. ఎక్కడికని అడిగితే చెప్పకుండా ముందు నడిచింది. పక్క వీధిలో పోశెట్టి వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. రాజవ్వ వాకిలి బయటే నిలబడి, స్వప్నను చదవమంది.

స్వప్న నిలబడే చదివింది. పోశెట్టి తల వంచుకొని విన్నాడు. చదవడం అయ్యాక అర్జీ ఫోటో చూపించమన్నాడు. వేలిముద్రల వరుసలో అయిదోది దగ్గర వేలు ఆపి, ఇది నాదన్నాడు. తర్వాత తన బొటనవేలిని చాలాసేపు చూసుకున్నాడు.

అతని భార్య లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పోశెట్టి మంచం మీదినుంచి లేచాడు. వాకిలి దాకా వచ్చి, రాజవ్వ మొహంలోకి చూడలేక నేలకేసి చూస్తూ అన్నాడు.

"ఎండల నిలవడ్డవు. లోపలికి రా, వదినె."